మంట తెలియని ఒంటికి నిమ్మగడ్డి నూనె

మా ఆయన వెన్నెముక విరిగింది ఒక ఆదివారం మధ్యాహ్నం, పుంగనూరు దగ్గర మా అత్తగారి ఊళ్ళో. చింతకాయలు దులపడానికి మనుషులు దొరకలేదని తనే చెట్టెక్కాడు. పాల డెయిరీలో సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చాక చెట్లెక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. చిన్నప్పటి అలవాటు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. కొమ్మ విరిగి కింద రాళ్ళ కట్ట మీద వెల్లకిలా పడ్డాడు. ఆ రోజు నుంచి నడుము కింద ఆయనకు ఏమీ తెలియదు. గిచ్చినా తెలియదు, వేడినీళ్ళు పోసినా తెలియదు.

బెంగుళూరులో ఆపరేషను చేసి వెన్నులో రాడ్లు వేసి పంపించారు. మదనపల్లెలో మా అద్దె ఇంటి ముందుగదిలోనే మంచం వేశాము. అంగళ్లు అనే ఊరి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. పెట్టగలిగిన సెలవులన్నీ పెట్టాక మళ్ళీ పనిలో చేరక తప్పలేదు. ఇల్లు గడవాలంటే ఇంక నా జీతమే దిక్కు. మా అత్త తన ఇంటికి తాళం వేసి, రెండు కోడిపెట్టల్ని పక్కింటివాళ్ళకు ఒప్పజెప్పి వచ్చేసింది. పొద్దున ఎనిమిదింటికి నేను బస్సెక్కితే, సాయంత్రం దాకా ఇంట్లో వాళ్ళిద్దరే.

ఒకరోజు ఒళ్ళు తుడుద్దామని పక్కకు తిప్పితే ముడ్డిపూస మీద ఎర్రటి మచ్చ కనబడింది. వేలితో నొక్కి చూశాను. ఎరుపు పోలేదు.

"ఏం సూస్తాండావు?" అన్నాడు గోడకేసి మొహం పెట్టుకుని.

"ఏం లేదప్పా, కొంచెం ఎర్రగా ఉండాది."

అప్పటికి అది నిజమే. నాలుగు రోజులు పోయాక అక్కడి చర్మం నానిన కాయితంలా ఊడివచ్చింది. ఆ తర్వాత గుంట పడింది. గుంట ఆయనకు కనబడదు, తెలియదు. ఆయన ఒంట్లో ఏం జరుగుతోందో ఆయనకు నేను చెప్పాలి. రోజూ పొద్దున కట్టు విప్పగానే "ఎట్లుండాది?" అని అడిగేవాడు. వాతావరణం గురించి అడిగినట్టు మామూలుగా అడిగేవాడు. నేను జవాబు వెతుక్కునేదాన్ని. మొదట్లో "అట్లే ఉండాది" అనేదాన్ని. కొన్నాళ్ళకు ఆ మాట కూడా నోట రాలేదు.

మా వీధి చివర మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ ఉంది. వీధంతా సిస్టరమ్మా అనే పిలుస్తారు. ఆమెను పిలుచుకొచ్చాను. అద్దాలు సరిచేసుకుని, వంగి చూసింది.

"ఇది పడక పుండమ్మా," అంది. "ఒకే పక్క పండుకోనుంటే ఒంటి బరువంతా ఎముక మీద పడి ఆడ కండ సచ్చిపోతాది. రెండు గంటలకోసారి తిప్పల్ల. వేరే దారి లేదు."

సెలైన్ నీళ్ళతో కడగడం, గాజుగుడ్డ మడతపెట్టి లోపల పరచడం, దుప్పటి పట్టుకుని మనిషిని పక్కకు లాగడం, అన్నీ నేర్పించింది. పోయే ముందు మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసింది. ఆయన కళ్ళు మూసుకోలేదు. పైకప్పునే చూస్తూ ఉన్నాడు.

దుప్పటి పట్టి లాగడానికి ఇద్దరు కావాలి. మా అత్త పిడికెడు మనిషి. ఆయన ఆరడుగులవాడు. ఎట్లో ఒకవైపుకు తోసి వీపు వెనక దిండు పెడితే, ఆమె వంటింట్లోకి పోయి వచ్చేలోపల మళ్ళీ వెల్లకిలా జారేవాడు. గాలి పరుపు తెప్పించాము. కరెంటు పోయినప్పుడల్లా అది చప్పబడిపోయేది. కాలేజీలో టీ గంట కొట్టగానే ఫోన్ చేసి "అత్తా, తిప్పినావా?" అని అడిగేదాన్ని. "తిప్పినా తల్లీ," అనేది. ఆ మాట వెనక ఆయాసం వినబడేది. తిప్పగలిగిందో లేదో ఆ ఆయాసాన్ని బట్టి తెలిసిపోయేది. తెలిసి నేను చేసేదేముంది? ఫోన్ పెట్టేసి హాజరు పట్టీలు చూసుకునేదాన్ని.

పుండు వాసన మొదలైంది. అందరికంటే ముందు ఆయనకే తెలిసింది. డెయిరీలో క్యాను మూత తీస్తూనే పాలు పులుపెక్కాయో లేదో చెప్పగలిగిన ముక్కు ఆయనది. దాని మీద అక్కడ అందరికీ గురి. ఒక సాయంత్రం నేను చెప్పులు విడుస్తుంటే, "ఇంట్లో ఎలుక గానీ సచ్చిందేమో సూడుమ్మే," అన్నాడు. మంచం కింద వంగి చూశాను, బీరువా వెనక చూశాను. లేచేసరికి నా మొహంలో ఏం కనబడిందో. "నాదేనా?" అన్నాడు.

ఆ మరునాటి నుంచి డెయిరీ స్నేహితులు ఎవరొచ్చినా నిద్రపోతున్నాడని చెప్పి పంపించేయమన్నాడు. వాళ్ళు వరండాలో కాసేపు నిలబడి, తెచ్చిన పండ్లు మా అత్త చేతికిచ్చి పోయేవాళ్ళు.

ఆ రోజుల్లోనే కుప్పం నుంచి మా అన్న వచ్చాడు. మా అన్న చాలా ఏళ్ళు రోజూ రైల్లో బెంగుళూరికి పోయి ఒక ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతబడ్డాక, ఉన్న కొంచెం చేన్లో నిమ్మగడ్డి పెట్టాడు. ఇంకొందరు రైతులతో కలిసి నూనె తీసే బట్టీ కట్టాడు. దాన్ని నేను ఒకసారి చూశాను. పెద్ద డ్రమ్ములో గడ్డి కుక్కి కింద మంట పెడతారు. ఆవిరి గొట్టంలోంచి నీళ్ళతొట్టి గుండా పోయి చల్లబడి, గాజు జాడీలోకి చుక్కలు చుక్కలుగా పడుతుంది. నీళ్ళ మీద నూనె పసుప్పచ్చగా తేలుతుంది. బండెడు గడ్డికి వచ్చేది కాస్తే. మా అన్న ఆ జాడీ ముందు కూర్చుని చంటిబిడ్డను చూసినట్టు చూసేవాడు. సబ్బులవాళ్ళు, అగరొత్తులవాళ్ళు కొనుక్కుపోతారు. తన చేతుల మీదుగా నలుగురికి పనికొచ్చేది ఒకటి తయారవుతోందని మా అన్నకు గర్వం.

సంచిలోంచి చిన్న సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. నిమ్మగడ్డి నూనె తనది. నీలగిరి తైలం, టీ ట్రీ ఆయిల్, లవంగ నూనె బెంగుళూరు నుంచి తెప్పించినవి.

"దీన్ని పుండ్లకు పూస్తారుమ్మే," అన్నాడు. "నేను సెప్పేది కాదు, సూడు, రాసుండారు."

ఫోన్ నా చేతికిచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. చదివాను. నూనె తగిలితే ఫలానా క్రిములు చచ్చాయనీ, ఎలుకల మీద గాయం తొందరగా పూడిందనీ ఉంది. మనుషుల మీద ఇంకా చూడాలని చివర్లో ఉంది. ఆ చివరి మాట నేను చదివాను, మా అన్నా చదివాడు. దాన్ని ఎవరమూ పైకి అనలేదు.

సిస్టరమ్మను అడిగితే, "సుట్టూరా చర్మానికి కొబ్బరినూనెలో రెండు సుక్కలు కలిపి పూసుకోండి, వాసనన్నా తగ్గుతాది. లోపలికి మాత్రం నాకు తెలీదమ్మా, మేము వాడింది ల్యా," అంది. వద్దని గట్టిగా అనలేదు, పూయమనీ అనలేదు.

పూశాము. కట్టు మీద కూడా ఒక చుక్క వేశాము. ఆ గది మళ్ళీ మనుషులుండే గదిలా మారింది. తలుపు తీయగానే నిమ్మకాయ కోసినట్టు వాసన. ఆయన గట్టిగా గాలి పీల్చి, కొంచెం మణికట్టు మీద పూయమన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని పడుకున్నాడు. ఆ వారమే డెయిరీ స్నేహితుల్ని లోపలికి రానిచ్చాడు. వాళ్ళు మంచం చుట్టూ కుర్చీలు లాక్కుని, పాలల్లో నీళ్ళు కలిపి దొరికిపోయిన ఒకతని సంగతి చెబుతుంటే నవ్వాడు కూడా. మా అత్త వంటింటి గడప దగ్గర నిలబడి ఆ నవ్వు విని కొంగుతో కళ్ళొత్తుకుంది.

రోజూ కట్టు విప్పినప్పుడు ఫోన్‌తో ఫోటో తీసి మా అన్నకు పంపేదాన్ని. "తగ్గతాండాది," అని రాసేవాడు. నాకూ అంచుల్లో కొంచెం గులాబీ రంగు వచ్చినట్టు అనిపించేది. నిజంగా వచ్చిందో, నేను అట్లా చూశానో ఇప్పటికీ చెప్పలేను. ఆయన ఎట్లుండాదని అడిగితే, "బాగవతాండాది," అనేదాన్ని. అబద్ధం చెప్తున్నానని అప్పుడు నాకు అనిపించలేదు.

ఎండాకాలం వచ్చింది. చెమటకు కట్టు తడిసిపోయేది. మధ్యాహ్నం వేళ వాసన మళ్ళీ పైకి లేచేది. కొడుకు మొహం గోడవైపు తిప్పేసుకోవడం మా అత్త చూసేది. తిప్పి పడుకోబెట్టడానికి ఆమెకు బలం లేదు. నూనె పూయడానికి ఉంది. అందుకని పూసేది. మొదట నేను పొద్దున పూసి పోతే చాలనుకున్నది, తర్వాత మధ్యాహ్నం ఇంకోసారి, ఆ తర్వాత వాసన వచ్చినప్పుడల్లా. కొబ్బరినూనె కలిపితే ఘాటు తగ్గుతోందని కలపడం మానేసింది. ఆమె లోకంలో మందు ఘాటుగా ఉంటేనే పనిచేస్తుంది.

ఒక సాయంత్రం అంగళ్లు నుంచి వచ్చి కట్టు విప్పాను. పుండు చుట్టూ, తుంటి దాకా, చర్మం కాగిన నీళ్ళు పడినట్టు ఎర్రగా కమిలిపోయి ఉంది. అక్కడక్కడా బొబ్బలు. కొన్ని చితికి నీరు కారుతున్నాయి. ఆయన ఫోన్లో క్రికెట్ చూసుకుంటున్నాడు. ఎవరో అవుటైతే "అయ్యో" అన్నాడు.

బల్ల మీది సీసా తీసి చూశాను. మా అన్న అచ్చు వేయించిన చీటీ. చర్మం మీద మంట అనిపిస్తే వెంటనే కడిగేయండి అని ఉంది. మంచి మాటే. మంట అనిపించేవాళ్ళకు అది చాలు. అదే ఇంకెవరి ఒంటి మీద పడినా, మొదటి రోజే కేక పెట్టేవాడు, కడిగేసేవాళ్ళం, అక్కడితో సరిపోయేది.

"ఏమైందిమ్మే?" అన్నాడు.

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. బొబ్బలు ఎంత దూరం ఉన్నాయో, ఏ రంగులో ఉన్నాయో అంతా చెప్పాను. ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

"అంత కాలినా నాకు తెలీలేదంటే," అన్నాడు, "ఇంగ అది నా ఒళ్ళు కాదుమ్మే. నువ్వు సూసుకోవాల్సిందే."

మా అత్త ఆ రాత్రి అన్నం తినలేదు. ఆమెను ఒక్క మాట కూడా అనలేకపోయాను. అనడానికి ఏం దొరుకుతుంది? పగలంతా ఆ గదిలో ఉన్నది ఆమె. చేతనైన ఒక్క పని చేసింది. సీసాలన్నీ కడిగి, మూతలు పెట్టి, బీరువా పైన పెట్టేసింది. పారేయడానికి ఆమెకు మనసు రాలేదు. మా అన్న చేతులతో తీసిన నూనె కదా.

కొన్నాళ్ళకు బొబ్బలు ఎండాయి గానీ పుండు లోపలికి పోయింది. జ్వరం పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకుపోతే చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. బట్టల్లో ఇంకా ఉన్న వాసన పట్టి, ఏం పూశారని అడిగింది. దాచకుండా చెప్పాను. తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టలేదు.

"నూనెలో గుణం లేదని నేననను," అంది. "క్రిములు చస్తాయి. చిన్న గాయాలకు మంచిదని కొందరు చూశారు కూడా. కానీ ఈయన పుండు క్రిమి వల్ల రాలేదమ్మా, బరువు వల్ల వచ్చింది. పైన ఏం పూసినా కింద బరువు అట్లే ఉంటుంది."

"బరువుకు మందేముంది?" అన్నాను.

"తిప్పే మనుషులు ఉండాలి," అంది.

పుండు ఎముక దాకా పోయిందనీ, పక్కనున్న కండను తెచ్చి కప్పే ఆపరేషను చేయాలనీ, అయితే ఆయన ఒంట్లో ఇప్పుడు అంత సత్తువ లేదనీ చెప్పింది. జ్వరం తగ్గాలి, గుడ్లు, పప్పు, పాలు బాగా తినిపించి రక్తం పట్టాలి, అప్పుడు చూద్దామంది. అంటే మళ్ళీ ఇంటికే. మళ్ళీ ఆ మంచమే, ఆ దుప్పటే.

బొబ్బల సంగతి మా అన్నకు ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఆ రోజు నుంచి ఫోటోలు పంపడం కూడా మానేశాను. మా ఆయనే చెప్పాడు. మరుసటి రోజు పొద్దున్నే బస్సులో దిగాడు మా అన్న. సంచి లేదు, సీసాలు లేవు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, నేను ఒకసారి చూడొచ్చునా బావా అని అడిగాడు. అన్నాళ్ళూ ఫోటోలే చూశాడు గానీ పుండును కళ్ళారా చూడలేదు. కట్టు విప్పి చూపించాను. వంగి చూశాడు. లేచి వరండాలోకి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

లోపలి నుంచి మా ఆయన పిలిచాడు.

"బావా, నీ నూనె వల్ల నా స్నేహితులు మళ్ళీ ఈ గదిలో కూసున్నారప్పా. దాన్ని యాల మరిసిపోతావు?"

మా అన్న ఆ పూట నుంచి మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఒక చివర మా అత్త, ఒక చివర మా అన్న దుప్పటి పట్టుకుంటే మా ఆయన తేలిగ్గా పక్కకు తిరిగేవాడు. గడియారం చూసి తిప్పేవాళ్ళు. ఆ కొన్ని వారాలు నేను ఆఫీసు నుంచి ఫోన్ చేయలేదు. అయితే గడ్డి కోత వచ్చింది. బట్టీ ఆగిపోతే మిగతా రైతుల గడ్డి ఎండిపోతుంది. రోజూ ఫోన్లు వచ్చేవి. మా అన్న వరండాలోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడి వచ్చేవాడు. చివరికి నేనే పొమ్మన్నాను. బస్టాండులో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బస్సు కదులుతుంటే ఎక్కాడు.

జ్వరం తగ్గి ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక, ఆపరేషను కుప్పంలోని ఒక పెద్దాసుపత్రిలో చేస్తామన్నారు. అంబులెన్సులో బోర్లా పడుకోబెట్టి తీసుకుపోయాము. ఆయనకు కనబడేది అంబులెన్సు నేల ఒక్కటే. యాడుండాము అని అడుగుతూనే ఉన్నాడు. పుంగనూరు దాటాము, పలమనేరు వచ్చింది అని చెబుతూ వచ్చాను. వెంకటగిరికోట దగ్గర టమోటా లారీలు అడ్డం ఉండి చాలాసేపు ఆగిపోయాము. ఏమేమి కనబడతాండాయో చెప్పమన్నాడు. కొత్తిమీర కట్టలు దించుతున్నారనీ, ఒకామె ఎండలో గొడుగు కింద మొక్కజొన్న కంకులు కాలుస్తోందనీ, గోడ మీద కన్నడంలో ఏదో రాసి ఉందనీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడుపు వచ్చింది. ఆయనకు కనబడదు కదా అని తుడుచుకోలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. ఒక మూల కుట్లు విడిపోతే మళ్ళీ వేశారు. చాలా రోజులు అక్కడే ఉన్నాము. మా అన్న బట్టీ నుంచి రోజూ క్యారియరు తెచ్చేవాడు. మా అన్న చొక్కాకు ఉన్న నూనె వాసన పట్టి, పక్క మంచం తాలూకు మనిషి అదేం నూనె, తన తల్లి కాలి పుండుకు పనికొస్తుందా అని అడిగాడు. ఒకప్పుడైతే మా అన్న ఫోన్ తీసి చూపించేవాడు. ఇప్పుడు, ఆమెకు కాల్లో మంట తెలుస్తాదా అని అడిగాడు. షుగరుతో కాలు తిమ్మిరెక్కి ఏమీ తెలియడం లేదని ఆ మనిషి చెప్పాడు.

"అయితే వద్దప్పా," అన్నాడు మా అన్న. ఆ మనిషి మొహం వాడిపోయింది. ఇంకేదైనా చెప్పమన్నట్టు మా అన్న వైపే చూస్తూ నిలబడ్డాడు. మా అన్న క్యారియరు మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

ఇంటికొచ్చి ఇప్పటికి ఏడాది దాటింది. పుండు మూసుకుంది. దాని మీది చర్మం ఉల్లిపొర అంత పల్చన. ఎక్కువసేపు కూర్చోకూడదు, తడి తగలకూడదు, రాపిడి తగలకూడదు. సాయంత్రం కాసేపు చక్రాల కుర్చీలో గేటు దాకా తీసుకుపోతాము. మా అత్తకు భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. నేను అంగళ్లు పోయి వస్తూనే ఉన్నాను.

పోయిన నెలలో ఒకరోజు గేటు బయట ఉండగా ఉన్నట్టుండి వాన పట్టుకుంది. లోపలికి తిప్పబోతే కుర్చీ చక్రం కాలువ మీది బండసందులో ఇరుక్కుంది. నేను లాగాను. మా అత్త ఒంటిచేత్తో తోసింది. కదల్లేదు. వీధిలో తలుపులన్నీ మూసుకున్నారు. కేకలు వేస్తే వాన చప్పుడుకు ఎవరికీ వినబడలేదు. ఆయనను ఎత్తడం మా వల్ల కాదు. మా అత్త లోపలికి పోయి గొడుగు, ఒక ప్లాస్టిక్ పట్టా తెచ్చింది. పట్టా ఆయన ఒళ్ళో కప్పి, ఇద్దరం చెరోవైపు నిలబడ్డాము. నీళ్ళు కుర్చీ సీటులోకి దిగుతుండడం నాకు కనబడుతూనే ఉంది.

"మీరు లోపలికి పోండి, జలుబు సేస్తాది," అన్నాడు ఆయన.

మేము పోలేదు. ఎవరైనా రాకపోతారా అని వీధి మలుపు వైపు చూస్తూ నిలబడ్డాము. చాలాసేపటికి ఒక ఆటో వచ్చింది. డ్రైవరు దిగి, ఏమీ అడక్కుండా చక్రం పట్టి పైకెత్తి, కుర్చీని గడప దాటించి పోయాడు. మంచం మీద పడుకోబెట్టి, తడిబట్టలు తీసి, మెత్తటి గుడ్డతో అద్దాను. పక్కకు తిప్పి లైటు దగ్గరికి తెచ్చి చూశాను. చర్మం ముడతలు పడి తెల్లగా ఉంది గానీ చిట్లలేదు. మా అత్త తల కూడా తుడుచుకోకుండా కాళ్ళ దగ్గర నిలబడి, చిట్లిందా లేదా అన్నట్టు నా మొహం వైపే చూస్తోంది.